అరిగిన అడుగు

2024 మార్చి 16 నాటికి కాంతయ్య లెక్క ఎనిమిదికి ఆరు. మలేషియాలోని బంటింగ్ ఊరి అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టును మళ్ళీ నిలబెట్టేందుకు మేనేజరుగా ఆయన మూడేళ్లలో ఎంచిన ఎనిమిది మందిలో ఆరుగురు జట్టులో నిలిచారు. ఆయన ఎంపిక రోజున ఆట చూడడు. ఆట ముగిశాక ఒక్కో అమ్మాయి బూటూ అడిగి తీసుకుని, కళ్లజోడు నుదుటికి నెట్టి, అడుగును బొటనవేలితో తడుముతాడు. లోపలి అంచు అరిగితే అది మలుపులు తెలిసిన కాలు అని ఆయన నమ్మకం. అయినా కిందటేడు జట్టు చివరనే మిగిలింది, లీగులో చివరి జట్టుకే కొత్త అమ్మాయిల్లో ముందుగా ఎంచుకునే హక్కు కాబట్టి ఈసారి మొదటి ఎంపిక బంటింగ్‌దే. ఆ ఎంపిక గురి తప్పితే మేనేజరును మారుస్తామని జట్టును నడిపే సంఘం ముందే చెప్పింది. ఆయన అందరిలోకీ లోపలి అంచు ఎక్కువ అరిగిన బూటు చూసి, లెచ్చుమి అనే అమ్మాయిని ఎంచాడు. సంతకాలయ్యాక బూటు తిరిగి ఇస్తూ, "బాగా అరగదీసినావే అమ్మా!" అన్నాడు.

"అయ్యో అంకుల్, నావి కావు లా!" అంది లెచ్చుమి, అక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో. " నావి వానకి తడిసిపోయినాయి. మా అక్కవి ఏసుకొచ్చినాను. అక్క ఆట మానేసి ఫ్యాక్టరీకి పోతంది."

"ఏటీ?"

బూటు ఆయన చేతిలోనే ఉండిపోయింది. బూటు ఎవరిదని ఇన్నేళ్లలో ఒక్కరినీ అడగలేదు. మరి ఆ ఆరుగురి సంగతి?

తరువాతి వారం సాధనకు వచ్చిన ఆరుగురినీ అడిగాడు. నలుగురు ఎంపిక రోజున అరువు బూట్లతో వచ్చినవాళ్లే. ఆ సాయంత్రం కాంతయ్య కళ్లజోడు నుదుటి మీంచి కళ్లకు దించుకుని, లెచ్చుమి ఆట మొదటిసారి చూశాడు. అమ్మాయి బాగానే ఆడుతోంది. ఎప్పటి నుంచి బాగా ఆడుతోందో ఆయనకు తెలియదు.