ఉరుము గారి మూగ ఏడాది

కూరగాయల మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు వేలం వేసే ఆయన్ని అందరూ ఉరుము అనేవారు. మైకు పెట్టిస్తామని మార్కెట్ కమిటీ వాళ్ళు అంటే, తనను తిట్టినట్టు ముఖం మాడ్చుకున్న మనిషి. ఆయన "ఒకటోసారి" అని అరిస్తే గేటు బయట టీకొట్టు వాడు చేతిలో గ్లాసులు కింద పెట్టేవాడు. ఇంట్లోనూ అదే గొంతు. ఉప్పు అందుకోమనడం కూడా వేలంపాటే. ఇక ఆయన భార్య సంగతి చెప్పాలా? పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ మొదలుపెట్టిన మాట ఒక్కటీ చివరిదాకా వెళ్ళి ఎరగదు.

అలాంటి గొంతులో గడ్డ లేచింది. కోసి తీశారు గానీ నరానికి దెబ్బ తగిలి మాట పడిపోయింది. ఆవిడ కడుపారా ఏడ్చింది. ఏడుపు అయ్యాక చూసుకుంటే, తన మాటలన్నీ ఎవరూ అడ్డు తగలకుండా పూర్తవుతున్నాయి. మెల్లగా ఆ సుఖం మరిగింది.

ఆవిడ తమ్ముడు ఇన్సూరెన్సు ఏజెంటు. ఎప్పుడో బావ మెడ మీద కూర్చుని పెద్ద జబ్బులకు డబ్బిచ్చే పాలసీ కట్టించిన ఘనుడు. ఆ కాగితాలు చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు.

"అక్కా, పెద్ద జబ్బంటే మనం అనుకునేది కాదు, వీళ్ళు అనుకునేది. గుండె నొప్పి వస్తే చాలదు, గుండె కండరం కొంత చచ్చిపోయినట్టు పరీక్షల్లో తేలాలి. ఒక కన్ను పోతే చాలదు, రెండూ పోవాలి."

"ఇన్ని పోయాక మనిషి మాత్రం బతికుండాలా?"

"ఉండాలక్కా. కొన్నాళ్ళైనా బతికుంటేనే ఇస్తారు."

"మరి మీ బావ గొంతో?"

"ఉంది, ఉంది. జబ్బు వల్ల మాట పూర్తిగా పోవాలి. ఏడాది పాటు మధ్యలో రాకుండా ఉండాలి. ఇక రాదని గొంతు డాక్టరు రాసివ్వాలి. మనసు చెడి మాట పోతే మాత్రం పైసా ఇవ్వరు."

"ఆ భయం లేదు. మీ బావ మాటలకీ మనసుకీ ఏనాడూ సంబంధం లేదు."

మంచం మీద ఉరుము పళ్ళు నూరి, పలక మీద బరబరా ఏదో రాసి చూపించాడు. కళ్ళజోడు కనబడటం లేదని ఆవిడ చదవలేదు. కళ్ళజోడు ఆవిడ తల మీదే ఉంది.

ఏడాది నిండింది. డాక్టరు రాసిచ్చాడు. కంపెనీ మనిషి ఇంటికొచ్చి చూసి వెళ్ళడమే తరువాయి. ఇంతలో ఒక పొద్దున ఉరుము స్నానాల గది గడపకు బొటనవేలు కొట్టుకున్నాడు.

"ఈ గడప పెట్టించిన నీ తమ్ముడి మొహం మండా!"

తుప్పుపట్టిన గొళ్ళెం లాగినట్టుంది ఆ గొంతు. అయినా అది గొంతే. ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఆయన గబగబా పలక అందుకుని "చెప్పకు" అని రాశాడు.

"ఏవయ్యా, డాక్టరు రాసినప్పుడు మాట లేదు. ఇప్పుడొచ్చింది. ఆ మాటే చెప్పేద్దాం."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ డబ్బు ముట్టుకుంటే జన్మలో నోరెత్తకూడదు, తెలుసా? వీధిలో కుక్క తరిమినా 'అమ్మో' అనకూడదు."

"డబ్బే" అని రాసి, కింద గట్టిగా గీత గీశాడు.

ఆ కాగితాల్లో సాక్షి సంతకం పెట్టాల్సింది ఆవిడే. చదువుకున్నది తక్కువే గానీ, కూతురి దగ్గర పట్టుబట్టి సంతకం నేర్చుకున్న మనిషి. వేలిముద్ర వెయ్యమన్న బ్యాంకు గుమాస్తాను నిలబెట్టి కడిగేసింది ఒకసారి. అలాంటి సంతకాన్ని అబద్ధం కింద పెట్టడానికి ప్రాణం ఒప్పలేదు. అలాగని కట్టుకున్నవాణ్ణి పట్టివ్వడానికీ నోరు రాలేదు. నోరు తెరవాల్సింది ఆయనే. తెరిపించాల్సింది తను.

కంపెనీ మనిషి వచ్చాడు. తమ్ముడు అంతకు ముందే వచ్చి కుర్చీ తుడిచి పెట్టాడు. ఏమడిగినా ఉరుము పలక మీదే జవాబు రాశాడు. ఆ దీనమైన ముఖం చూస్తే గోడకైనా జాలేస్తుంది. చివరికి కాగితం ఆవిడ ముందుకు జరిగింది.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

"పెడతాను బాబూ, ఒక్క నిమిషం. పాత సామాన్లు కొనే అతను వాకిట్లో నిలబడ్డాడు, పంపించేస్తాను."

అతన్ని ఆ వేళకి రమ్మన్నది ఆవిడే. అటక మీది రాగి బాయిలరు అప్పటికే దించి ఉంది. దాన్ని గది మధ్యకు దొర్లించి, గరిటె చేతబట్టుకుంది.

"మా ఇంట్లో ఏదమ్మినా పాటే బాబూ. ఊఁ, పాడు నాయనా."

"మూడొందలమ్మా" అన్నాడు సామాన్ల అతను.

ఉరుము కళ్ళు పెద్దవయ్యాయి.

"అక్కా, ఇప్పుడా ఇదంతా?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు పాడతావా, నోరు మూసుకుంటావా?"

"మూడొందల పది" అన్నాడు వాడు బెదిరిపోయి.

ఉరుము తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాడు. ఆవిడ జోల పాడినట్టు సన్నగా "ఒకటోసారి" అంది. ఆయన మంచం కోడు పట్టుకున్నాడు. "రెండోసారి" అంది. వెంటనే గరిటెతో బాయిలరు మీద ఠంగుమని కొట్టింది.

"అయిపోయింది! పట్టుకుపో తమ్ముడూ."

ధర తక్కువైతే ఆయన మింగగలడు, అప్పటికే మింగాడు కూడా. కానీ మూడోసారి పిలవకుండా దెబ్బ పడటం ఆయన చూసి ఎరగడు. మార్కెట్ షెడ్డుకు నిప్పంటుకున్న రోజున కూడా మూడోసారి పిలిచాకే పరుగు లంకించుకున్నాడు.

"మూడోసారి ఏదే!"

కిటికీ రెక్కలు అదిరాయి.

"మూడోసారి పిలవకుండా కొట్టడానికి నువ్వెవతివే! ఆ రాగి బరువు చూశావా అసలు? ఐదొందలు నా పాట! ఆరొందలు ఎవరు?"

"ఆరొందలు" అన్నాడు కంపెనీ మనిషి, ఎందుకన్నాడో తనకే తెలియకుండా.

"ఒకటోసారి! రెండోసారి! మూ... డోసారి!"

తొడ మీద ఫెడీమని చరుచుకున్నాక గానీ ఆయనకు తెలిసిరాలేదు. పలక ఒళ్ళోంచి జారి కింద పడింది.

"బావా, అక్క సంతకం పెట్టేదాకా ఆగలేకపోయావా?" తమ్ముడు తల పట్టుకున్నాడు.

"ఇప్పుడెక్కడ పెట్టమంటారు బాబూ?" అంది ఆవిడ.

"ఇంక అక్కర్లేదమ్మా."

"అదేంటి? నేర్చుకున్నదాన్ని. మాట తిరిగొచ్చిందని రాయండి. దాని కింద పెడతాను."

కంపెనీ మనిషి నోరెళ్ళబెట్టి రాశాడు. ఆవిడ కళ్ళజోడు తల మీంచి కిందికి దించుకుని, ఒక్కో అక్షరం దిద్ది సంతకం పెట్టింది. కంపెనీ మనిషి ఆరొందలు ఇచ్చి, బాయిలరు స్కూటరు వెనక కట్టించుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా ఉరుము ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. మధ్యలో ఆవిడకు జాలేసింది.

"ఏవయ్యా, అసలు సంగతేంటంటే, ఆ మూడోసారి నేను కావాలనే..."

"నువ్వు మాట్లాడకు! వేలం అంటే ఏంటో తెలుసా నీకు?"

ఆవిడ గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయనకు ఆ సంగతి ఈ రోజుకీ తెలియదు.