కరెంటు మేడమ్ వేసిన ముగ్గు

కరెంటు మేడమ్ పోయారని ఆస్పత్రి ఆయా ఫోన్ చేసి చెప్పింది. నేను ఆ మాటే పైకి అన్నాను. పక్కన చదువుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, "పోలేదుగా, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది" అంది. దానికి పదిహేనేళ్ళు. ఆవిడెవరో దానికి తెలియదు, నేనే చెప్పలేదు. ఇప్పుడు దానికీ మీకూ కలిపి చెబుతున్నాను. నోటితో కంటే కాగితం మీద కాస్త తేలిక.

ఆవిడ కరెంటాఫీసు మనిషి కాదు. విజయవాడలో ఒక ఆస్పత్రిలో కాన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే టెక్నీషియన్. రేడియేషన్‌ని మా వైపు కరెంటు పెట్టడం అంటారు. అందుకని ఆవిడ కరెంటు మేడమ్ అయ్యారు. అసలు పేరు కోటు మీద రాసే ఉండేది, మాలో ఒక్కరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు.

నాకు ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు గర్భసంచి ముఖద్వారంలో కాన్సర్ అని తేలింది. నెలల తరబడి వేళకాని వేళ రక్తం కనిపిస్తుంటే, వేడి చేసిందని మజ్జిగ తాగుతూ కూర్చున్న తెలివి నాది. గడ్డ పెరిగి పక్కలకి పాకిందనీ, ఆపరేషన్ చేసే దశ దాటిందనీ, కరెంటూ మందూ కలిపి ఇస్తే నయమయ్యే అవకాశం బాగానే ఉందనీ డాక్టరుగారు చెప్పారు. ఇరవై అయిదు రోజులు బయటినుంచి, ఆ తర్వాత మూడుసార్లు లోపల పెట్టి. వారానికోసారి సెలైన్లో మందు. మిగతా సంగతులు మా ఆయన్ని వరండాలోకి పిలిచి చెప్పారు. ఆ మిగతా ఏమిటో నేను అడగలేదు.

మొదటిరోజు మేడమ్ నా పొత్తికడుపు మీదా నడుము పక్కలా ఊదారంగు సిరాతో గీతలు గీశారు. "ఇది నా ముగ్గు. అయ్యేదాకా చెరగకూడదు. సబ్బు పెట్టకు, రుద్దకు" అన్నారు. ఆవిడ చూపుడువేలి గోరు ఎప్పుడూ ఊదాగానే ఉండేది. మా ఒంటి మీద చెయ్యి వేసేముందు అరచేతులు రుద్ది వెచ్చబెట్టుకునేవారు. గదిలో మనల్ని ఒక్కళ్ళనే వదిలి తలుపు వేసేముందు దుప్పటి లాగి పాదాలు కప్పేవారు. మెషీన్‌కి పాదాలతో పనేమీ లేదు. ఎందుకండీ అంటే, కాళ్ళు చల్లగా ఉంటే మనిషికి దిగులేస్తుంది అనేవారు. ఇంకో మాట రోజూ, అందరికీ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవారు: "నొప్పి తగ్గిందని మానకండి, రక్తం ఆగిందని మానకండి. నేను మానమంటే మానండి."

నేను మానేశాను. పదహారు సిట్టింగులయ్యాక.

అప్పటికి రక్తం ఆగి పదిహేను రోజులు. నా తేదీ దాటి పది రోజులు. అన్నం ముందు కూర్చుంటే వాంతి, పోపు వాసన గిట్టదు. మా అత్తగారు ఇవన్నీ కలిపి చూసుకుని, నెల తప్పింది, ఇవి వేవిళ్ళే అని తేల్చేశారు. నాకు ఒక్కతే కూతురు. రెండోసారి కడుపు కోసం నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నాం. ఆవిడే కాదు, నేనూ నమ్మాను. నమ్మి ఎంత సంతోషపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కడుపుతో ఉన్నదానికి కరెంటేమిటి అని మా అత్తగారు నాకు సున్నిపిండితో నలుగుపెట్టి, ఆ ఊదాగీతలు పోయేదాకా రుద్ది తలంటారు. మా ఆయన అరుగు మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ తర్వాతి ఆదివారం మేడమ్ గన్నవరంలో బస్సు దిగి, ఆటో పట్టుకుని, దారి అడుగుతూ మా ఇంటికి వచ్చారు. మా అత్తగారు కాఫీ ఇచ్చి సంతోషంగా సంగతి చెప్పారు. మేడమ్ గ్లాసు కింద పెట్టి, నన్ను గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశారు.

"నెల తప్పలేదమ్మా. నీకు నెలలే ఆగిపోయాయి. ఇంక రావు. పిల్లలు పుట్టరు. ఆ వాంతులు కరెంటువీ మందువీ."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"ఇది మొదటిరోజే నీకు చెప్పాల్సింది. మీ ఆయనకి చెప్పాం, ఆయన చెప్పుంటారనుకున్నాం. తప్పు మాదే."

అయితే ఇంక ఎందుకండీ రావడం, అన్నాను. కోపంగానే అన్నాను.

"బతకడానికి. మీ ఆయన కోసం, పాప కోసం అని నేను చెప్పను. నీకోసం. రక్తం ఆగింది గానీ జబ్బు ఇంకా లోపలుంది. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ లేస్తుంది."

ఆ రోజంతా ఏడ్చాను. మా ఆయన మీద అరిచాను. నోరు పెగల్లేదే అన్నాడు, అంతే. సోమవారం పొద్దున్నే మా అత్తగారు కేరేజీ కట్టి నాకంటే ముందు బస్టాపులో నిలబడ్డారు. మేడమ్ కొలతలు చూసుకుని గీతలు మళ్ళీ గీస్తూ, "మీ అత్తగారి చెయ్యి గట్టిదే, ఆనవాలు కూడా ఉంచలేదు" అన్నారు. మానేసిన రోజులకి డాక్టరుగారు ఇంకో రెండు సిట్టింగులు కలిపారు. లోపల పెట్టేవీ మూడూ అయ్యాయి. అన్నీ అయ్యాక మేడమ్ నన్ను కూర్చోబెట్టి, మొగుడూపెళ్ళాలుగా ఎప్పటినుంచి దగ్గరవ్వచ్చో, ఇబ్బందైతే ఏం చెయ్యాలో, బస్సు నెంబర్లు చెప్పినంత మామూలుగా చెప్పారు. అంత ఉపకారం నాకు ఇంకెవరూ చెయ్యలేదు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళు.

భవానీపురంలో మేడమ్ వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆవిడని తీసుకెళ్ళిపోయారు. వరండాలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, చుట్టాల్లా లేరు. పక్కనున్న అమ్మాయికి ముప్ఫై ఉంటాయేమో. మేడమ్ రిటైరయ్యే ముందు చూసిన ఆఖరివాళ్ళలో తనొకతెనని చెప్పింది.

"నాకు మొదటిరోజే అన్నీ చెప్పేశారండీ. ఇదివరకెవరో ఒకామె నెల తప్పిందనుకుని మధ్యలో వెళ్ళిపోయిందంట. అందుకే ఎవరికి చెప్పాల్సింది వాళ్ళకే చెప్తున్నా అన్నారు."

నేను గేటు వైపు చూశాను.

"ఆమె తర్వాత ఏమైందో అడుగుదామనుకున్నాను. భయమేసి అడగలేదండీ."

"బానే ఉందమ్మా" అన్నాను.

"మీకు తెలుసా ఆమె?"

తెలుసన్నాను. ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది, తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం అలాగే కూర్చున్నాం. గేటు ముందు నీళ్ళు చల్లి ఉన్నాయి, ముగ్గు లేదు.