కొత్తకంచె రైలుకు ఘన సన్మానం

రద్దు కాబోతున్నదని తెలిసిన దేనినైనా రద్దుకు ముందే ఒకసారి చూసి రావడం నా అలవాటు. వరంగల్ నుంచి నర్సంపేట వైపు పొలాల మధ్యగా కొత్తకంచె వరకు వెళ్లే చిన్న రైలు మార్గం ఆ కోవలో చేరిందని విన్న వారంలోనే బయలుదేరాను. డెబ్బైల చివర్లో వడ్లు, పత్తి మోయడానికి వేసిన మార్గమిది. ఎనభైలు సగం గడిచేలోగా వడ్లూ పత్తీ లారీ ఎక్కడం నేర్చుకున్నాయి. రైలుకు మనుషులు తప్ప మోయడానికేమీ మిగల్లేదు. ఆ మనుషులు ఉన్నట్టా, లేనట్టా అని తేల్చడానికి ఒక అధికారిని నియమించారు. ఆయనా నేనూ ఒకే రోజు ప్రయాణించడం కేవలం యాదృచ్ఛికం.

బండి పొద్దున ఆరింటికి వరంగల్‌లో బయలుదేరుతుంది. టికెట్టు రూపాయి పావలా, బోగీలు రెండు. పోయేటప్పుడు దాదాపు ఖాళీగా పోతుంది. దానినెవరూ తప్పుపట్టరు. ఎనిమిదిన్నరకు కొత్తకంచెలో తిరిగి కదిలేటప్పుడే దాని అసలు ఉద్యోగం మొదలవుతుంది. హనుమకొండ కాలేజీ పిల్లలు, దవాఖానకు పోయే రోగులు, కూరగాయల గంపలతో కాలుపెట్టే చోటుండదని అందరూ చెప్పారు. అధికారి లెక్కించవలసింది ఆ బండినే.

కొత్తకంచె స్టేషను బయట కొమురమ్మ చాయ్, సర్వపిండి అమ్ముతుంది. సర్వపిండి వేడిగా, కరకరలాడుతూ ఉంటుంది, తప్పక తినండి. ఆమె కూతురు సరళ హనుమకొండలో ఇంటర్ రెండో ఏడాది.

“బండి ఆగిపోతే ఎలాగమ్మా?” అని అడిగాను.

“ఎట్లేంది సారూ, సర్ల సదువు ఆగుతది. మా ఊరికి బస్సు లేకపాయె. పోరిని హన్మకొండల ఉంచే తాహతు మాకేడిది? బండి బందైతే పత్తి ఏర తోల్త అంటాండు వాళ్ల నాయిన.” పెనం మీది సర్వపిండిని తిప్పింది. “గందుకే ఊరంత ఒక్కమాట మీదున్నం. లెక్కవెట్ట వచ్చిన సారుకు మర్యాదల లోటు రానియ్యం. జర సూడు నువ్వు.”

చూశాను. డప్పులు మోగాయి, కొబ్బరికాయ కొట్టారు, దండ వేశారు. అధికారి, ఆయన వెనకే ఎక్కిన నేను మొదటి బోగీలో, ఆయన సిబ్బంది రెండో బోగీలో కూర్చున్నాం. ఊరు ఊరంతా సంచులతో, గంపలతో ప్లాట్‌ఫారం మీద బారులు తీరి నిలబడింది. గార్డు ఈల వేశాడు. ఒక్కరూ ఎక్కలేదు.

“ఎక్కుర్రి! సారు వచ్చిందే మనల్ని లెక్కపెట్ట!” అని సరళ అరిచింది.

సర్పంచు ఆమెను వారించాడు. “అంత పెద్దసారు కూసుంటే ఆయన ముంగట మనం కాళ్లు సాపుకొని కూసుంటమా బిడ్డా? సల్లగ పోనియ్యి. ఒక్కనాడు పోకుంటె ఏమైతది?”

“రేపటిసంది అసలే పోం, గదే అయితది!”

“నోరు ముయ్యవే! పెద్దోల్ల ముంగట ఎగురుడేంది?” అంటూ కొమురమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. సరళ విడిపించుకుని కదులుతున్న బండి ఎక్కింది.

ఎక్కిందే కానీ, ఆమె కూడా కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడింది.

“కూర్చోమ్మా, అన్నీ ఖాళీయే కదా” అన్నాడు అధికారి.

“ఖాళీ కాదు సార్. మీరంటే మర్యాదకు ఎక్కుతలేరు వాళ్లు.”

ఆయన తన కాగితాన్ని పైనుంచి కిందికి నిజాయితీగా వెతికాడు. “మర్యాద రాయడానికి ఇందులో గడి లేదమ్మా” అన్నాడు.

తరువాతి ప్రతి స్టేషనులోనూ ఇదే సన్మానం జరిగింది. వరంగల్ చేరేసరికి అధికారి ఒడి నిండా దండలు, కాగితంలో ఇద్దరు ప్రయాణికులు. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి.

రైలు రద్దయింది. పట్టాలు తీసేసిన కట్ట మీద నడిచి, మెయిన్‌రోడ్డుపై బస్సెక్కి సరళ పరీక్షలు రాసిందట. మరుసటి ఏడు నేను మళ్లీ వెళ్లినప్పుడు కొమురమ్మ చెప్పింది: ఊరికి బస్సు వెయ్యాలా వద్దా అని చూడడానికి ఒక బస్సును, దానితో మరో అధికారిని పంపారు.

“ఈపారి సర్ల ముందుగాల్నే ఊరంతటిని బస్సుల కుక్కింది. సర్పంచును సుత నెట్టింది!”

“మరి అధికారికి సీటు?”

“సీటేడిది? తలుపుకాడ ఏలాడుకుంట పోయిండు పాపం. దండ యేద్దామంటె ఒక్కలకు చెయ్యి లేవకపాయె.” కాసేపు నవ్వింది. “మా సర్ల ఇప్పుడు గా బస్సుల్నే డిగ్రీకి పోతాంది.”

కొత్తకంచె వారు రైలును తమదనుకోలేదు. అది ఎవరో పెద్దవారు దయతో పంపినదనుకున్నారు, దయకు తగినట్టే దూరంగా నిలబడ్డారు. వారికంటే ఎక్కువ చదువుకున్న నేనూ ఆ రోజు సీటు అంచునే కూర్చున్నానని ఇక్కడ నమోదు చేయడం సబబు. పట్టాలు లేని ఆ కట్ట ఇంకా ఉంది; ఉదయం పూట నడక హాయిగా ఉంటుంది. వెళ్లదలచినవారికి ఒక్క సూచన: నర్సంపేట నుంచి కొత్తకంచెకు వచ్చే ఏడింటి బస్సెక్కండి. సీటు దొరికితే కూర్చోండి. ముసలివారికి తప్ప ఎవరికోసమూ లేవకండి.