తొగావా గారి నడుముకి సరిపడే కుర్చీ

హొరియే గుండీల కంపెనీలో కుర్చీకి చేతులు రావాలంటే మనిషికి పదిహేను ఇరవై ఏళ్ళు పట్టేది. కొత్తగా చేరినవాళ్ళకి వీపు ఆనీ ఆననట్టుండే చిన్న బూడిదరంగు కుర్చీ. సెక్షన్ మేనేజరైతే అదే బూడిదరంగులో రెండు చేతులున్న కుర్చీ. ఆ పైవాళ్ళకి మెడదాకా వీపున్నది, యజమానికి తోలుది. ఇదంతా ఎక్కడా రాసి లేదు, రాయాల్సిన పనీ లేదు. ఒసాకాలో, మా సెంబా వీధుల్లో ఏ హోల్‌సేల్ కొట్టుకి వెళ్ళినా మనిషి మొహం చూడక్కర్లేదు. కుర్చీ చూస్తే చాలు, ఎంత వంగి నమస్కారం పెట్టాలో తెలిసిపోయేది.

ఈ కుర్చీల పెత్తనమంతా నిషివాకి సుమియేది. హైస్కూలు అయిన వెంటనే ఆ కంపెనీలో చేరింది, ఇప్పుడు అరవైకి దగ్గర పడింది. టీ పొడి, బల్బులు, పెళ్ళిళ్ళకీ చావులకీ కంపెనీ తరఫున పంపే డబ్బు కవర్లు, కుర్చీలు, అన్నీ ఆమె చేతిమీదుగానే నడుస్తాయి. ఎవరికి ప్రమోషన్ వచ్చినా వాళ్ళ కంటే ముందు సుమియేకే తెలిసేది. కింద స్టోర్ రూములోంచి చేతుల కుర్చీ తీసి, దుమ్ము దులిపి పైకి తేవాలి కదా మరి! పోయిన ఏప్రిల్లో హమనాకాకి వచ్చింది ఆ భాగ్యం. ఆ మహానుభావుడు సెలవురోజున తాళం అడిగి పుచ్చుకుని, ఒక్కడే ఆఫీసుకొచ్చి, మోచేతులు రెండూ ఆనించుకుని మధ్యాహ్నందాకా ఊరికే కూర్చుని వెళ్ళాడట. నవ్వకండి. ఏళ్ళ తరబడి మోచేతులు గాల్లో పెట్టుకుని పనిచేసినవాడికే తెలుస్తుంది ఆ సుఖం.

ఈ జూన్ వానల్లో చిన్నబాబు ఆ ఏర్పాటంతా ఒక్క మాటతో ఎత్తేశాడు. చిన్నబాబంటే పెద్ద యజమానిగారి మనవడు కెన్‌సుకే. ఇప్పుడు కంపెనీ ఆయనదే అయినా, పాతవాళ్ళందరికీ చాటుగా ఇంకా చిన్నబాబే.

"నిషివాకి గారూ, ఈ పాత కుర్చీలన్నీ తీసేద్దాం. అందరికీ ఒకటే రకం. నాకూ అదే, గోడౌన్ వాళ్ళకీ అదే. నడుముకి హాయిగా ఉండాలి, పదేళ్ళు మన్నాలి. మీరు ఏది అంటే అది."

"చేతులున్నవా, లేనివా అండీ?"

"అదేం ప్రశ్నండీ! ఇవాళా రేపూ చేతుల్లేని కుర్చీ ఎవరు కొంటున్నారు? అందరికీ ఉన్నవే."

పక్కనే ఉన్న హమనాకా మొహం మాడిపోయింది. "అందరికీ అంటే... మొన్న చేరిన ఆ పిల్లక్కూడానా?" అన్నాడు.

"మొన్న చేరిన పిల్లకి నడుముండదా ఏంటి హమనాకా గారూ?" అంది సుమియే.

సుమియేకి మాత్రం ఆ పని ముందు అంత ముచ్చటగా అనిపించలేదు. కుర్చీలు మార్చడమంటే ఆఫీసంతా తలకిందులు చేయడమే కదా అనుకుంది. ఆ వారంలోనే ఇంకో మాట చెవినపడేసరికి ఆ కుర్చీ తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టయిపోయింది ఆమెకి.

వీధి చివర ఉదోన్ నూడుల్స్ కొట్టులో ఆ మాట చెప్పింది ఆమె పక్క సీటు తొగావా గారు. ఆయనా ఆమే రోజూ మధ్యాహ్నం అక్కడే తింటారు. తియ్యగా ఉడికించిన టోఫు ముక్కని ఆయన చివరిదాకా దాచుకుంటారు, ఆమె ముందే తినేస్తుంది. ఆ రోజు ఆయన టోఫు ముక్క జోలికే పోకుండా గిన్నె పక్కన పెట్టేశారు.

"సెప్టెంబరుతో నా కాంట్రాక్టు అయిపోతుంది కదా. ఇక పొడిగించొద్దని చెప్పేద్దామనుకుంటున్నానండీ."

"ఎందుకూ?"

"నడుమండీ. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. నిన్న నా మొహం చూసి ఎదురు సీటు పిల్ల అంబులెన్సు పిలవమంటారా అంది."

సుమియే చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది. ఆయన లేకపోతే ఆ ఆఫీసులో ఇక ఏముందని రావాలి? ఇంకో ఆరేళ్ళు పనిచేస్తానని అందరితో చెప్పుకుంటోందే, ఎవరి పక్కన కూర్చుని చేస్తుంది? ఆ గిన్నె ముందే పట్టుబట్టేసింది. ఆ నడుముని కాపాడే కుర్చీ ఎక్కడున్నా పట్టుకొస్తాను, ఈయన్ని వెళ్ళనివ్వను, అనుకుంది.

వాళ్ళిద్దరూ ఒకే వసంతంలో చేరినవాళ్ళు. ఆయన కాలేజీ చదువు ముగించి, ఆమె స్కూలు ముగించి. అప్పట్లో సెంబా అంటే సెంబానే! తెల్లారితే లారీలు, మోగుతూనే ఉండే ఫోన్లు, పూసల చట్రాల మీద లెక్కలు కట్టే చప్పుడు, మెట్లమీద అట్టపెట్టెలు మోసుకుపోయేవాళ్ళ కేకలు. టీ తాగడానికి కూడా ఎవరికీ తీరిక ఉండేది కాదు, కప్పులన్నీ చల్లారిపోయి బల్లల మీద వరసగా ఉండేవి. ఆ రోజుల్లో వాళ్ళిద్దరికీ అప్పగించిన పని జతలు వెతకడం. ఎవరి కోటుకో గుండీ ఊడిపోతుంది, దర్జీ మిగిలినవాటిలో ఒకటి కవర్లో పెట్టి పంపుతాడు, ఇలాంటిదే కావాలని. గోడపొడుగునా చిన్న చిన్న డబ్బాలు, ప్రతి డబ్బా మొహాన కుట్టి ఉన్న మచ్చు గుండీ. సుమియే వచ్చిన గుండీని కిటికీ వెలుగుకి ఎత్తి రంగు చూసేది. తల తిప్పకుండానే కుడిచెయ్యి చాపేది. ఆయన ఎడంచేత్తో అందుకుని బుగ్గకి ఆనించుకునేవారు. చల్లగా తగిలితే ఆల్చిప్ప, లేకపోతే కొమ్ము, అదీ కాకపోతే ప్లాస్టిక్. చేతుల్లేని ఆ రెండు చిన్న కుర్చీలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. మధ్యలో వేలు దూర్చే సందు కూడా ఉండేది కాదు.

అపార్థం చేసుకోకండి. ఆయనకి పెళ్ళయింది, యోషికో అని చక్కటి ఇల్లాలు. కొత్త సంవత్సరం వస్తే తీపి నల్లసోయాగింజలు వండి ఒక డబ్బా సుమియేకి కూడా పంపేది. సుమియే పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు అడిగీ అడిగీ విసిగి ఊరుకున్నారు. వాళ్ళిద్దరి మధ్యా గుండీలు తప్ప ఏమీ నడవలేదు. అయినా ఆ రోజులు గుర్తొస్తే సుమియేకి ఇప్పటికీ కడుపులో చల్లగా ఉంటుంది.

తర్వాత తొగావా గారు సెక్షన్ మేనేజరయ్యారు. చేతుల కుర్చీ స్టోర్ రూములోంచి తెచ్చింది ఇంకెవరు, సుమియేనే. తడిగుడ్డతో తుడిచి, చక్రాలకి నూనె వేసి, కిటికీ దగ్గర పెద్ద బల్ల వెనక పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఆమే కొట్టింది. మర్నాడు పొద్దున ఒక కవరు విప్పి, గుండీ చూసి, అలవాటు కొద్దీ కుడిచెయ్యి పక్కకి చాపింది. పుచ్చుకునేవాళ్ళు లేరు. ఆ రోజునుంచి 'తొగావా గారు' అనే పిలుపు పోయి 'మేనేజర్ గారు' వచ్చింది. అలా ఇరవై ఏళ్ళకి పైగా గడిచిపోయాయి.

అరవై నిండితే హోదా పోతుంది, కావాలంటే మామూలు ఉద్యోగిగా కాంట్రాక్టు మీద ఉండొచ్చు. ఆ రూలు కింద ఆయన ఉండిపోయారు. అప్పటికి యోషికో గారు పోయి కొంతకాలమైంది. "ఆ కుర్చీ మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరేమంటారు?" అని చిన్నబాబే అన్నాడు. ఆయన వినలేదు. మర్నాడు ఎవరూ రాకముందే వచ్చి, చేతుల కుర్చీని తనే స్టోర్ రూములోకి దింపి, పాత చిన్న కుర్చీ ఒకటి పైకి తెచ్చుకుని, ఖాళీగా ఉన్న సుమియే పక్క సీట్లో కూర్చుని, మళ్ళీ ఆమెతో కలిసి జతలు వెతకడం మొదలుపెట్టారు. నియమం అంటే ఆయనదీ అని ఆఫీసంతా మెచ్చుకుంది. సుమియే కూడా అలాగే అనుకుంది.

"మేనేజర్ గా..." అని ఆమె నసుగుతుంటే, "ఇంకా మేనేజరేంటండీ? తొగావా!" అని నవ్వారు.

ఇక కుర్చీల సంగతి. కుర్చీల కంపెనీ నుంచి ఒకుయామా అనే అమ్మాయి మచ్చుకి మూడు కుర్చీలు తెచ్చి దింపింది. సుమియే ముందు కూర్చోలేదు, మూడింటినీ తలకిందులుగా తిప్పింది. కుట్లు లాగి చూసింది, చక్రాలు తిప్పి చూసింది.

"చక్రం విరిగితే చక్రం ఒక్కటే దొరుకుతుందా, మొత్తం కుర్చీ పారేయాలా?"

"విడిగా దొరుకుతుందండీ. పార్టులన్నీ పదేళ్ళదాకా ఇస్తాం."

"వల ఉన్న వీపు వేసవిలో బాగుంటుంది సరే, సాగిపోదా?"

"మా ఆఫీసులో నేను ఆరేళ్ళుగా దాన్లోనే కూర్చుంటున్నానండీ. సాగినా ఆ మాట మీకు చెప్పను కదా!" అని ఆ అమ్మాయి నవ్వేసింది. సుమియేకి ఆ పిల్ల అప్పుడే నచ్చింది.

ఆఫీసువాళ్ళని ఒక్కొక్కరినే కూర్చోబెట్టేసరికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. ప్రతివాళ్ళూ కూర్చోవడం, ఓరగా హమనాకా వైపు చూడటం, "బాగుంది" అనడం. ఎక్కడ బాగుందమ్మా అంటే, అంతా బాగుందండీ! మొన్న చేరిన పిల్లయితే చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది. ఆనించవే అంటే, "వద్దులెండి, అలవాటు లేదు" అంది.

తొగావా గారి వంతొచ్చింది. ఆయన సీటు కొసన కూర్చుని, "చాలా బాగుంది" అన్నారు.

సుమియేకి ఒళ్ళు మండింది. "మీరు కూర్చున్నదెక్కడ? ముందు నాలుగువేళ్ళ మేర! వెనక్కి జరగండి. ఇంకా. వీపు ఆనించండి. అదేం కరవదు!"

ఆయన పిల్లాడల్లే జరిగారు. మోకాళ్ళ వెనక రెండు వేళ్ళ సందు ఉందో లేదో ఆమె వంగి చూసింది. పాదాలు నేలకి ఆనేదాకా సీటు దింపింది. నడుము దగ్గరి మెత్త పైకీ కిందికీ జరిపింది. రెండు కుర్చీలు అలాగే అయ్యాయి. మూడోదాంట్లో మెత్త సరైన చోట తగిలేసరికి ఆయన నోట్లోంచి "అబ్బా" అని ఒక్క మాట వచ్చింది. నలభై ఏళ్ళలో ఆయన అలా హాయిగా మూలగడం సుమియే ఎప్పుడూ వినలేదు. ఇదే, ఇక వెతకక్కర్లేదు అనుకుంది.

రెండు రోజులు వాడి చూడమని ఆ కుర్చీని ఆయన సీటు దగ్గరే పెట్టించింది. నడుమునొప్పి మాయమైంది. మధ్యాహ్నం ఆయన గుర్రుపెట్టి నిద్రపోతే, లేపొద్దని అందరికీ సైగ చేసింది. అయితే ఇంకో గొడవ వచ్చిపడింది. ఆ కుర్చీ ఎడమచెయ్యి మాటిమాటికీ సుమియే కుర్చీకి టకటకా తగిలేది. ఆయన "అయ్యో, సారీ" అంటూ కొంచెం జరిగారు. సాయంత్రానికి ఇంకొంచెం జరిగారు. మర్నాడు ఆమె చాపిన చేతికీ ఆయన చేతికీ మధ్య గుండీ జారి, దొర్లుకుంటూ హమనాకా బల్ల కిందికి పోయింది. ఆఫీసు మొత్తం మోకాళ్ళమీద కూర్చుని వెతికింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె అడిగింది. "నడుమెలా ఉంది?"

"నొప్పే లేదండీ. బంగారంలాంటి కుర్చీ. ఇదే కొనేయండి."

"అయితే ఉంటారుగా?"

ఆయన గొడుగు మడత సర్దుకుంటూ, "లేదండీ, వెళ్ళిపోతాను" అన్నారు.

"నొప్పి లేదంటున్నారు, కుర్చీ బాగుందంటున్నారు, మళ్ళీ వెళ్ళిపోతానంటున్నారు! నా మీదేమైనా కోపమా?"

తొగావా గారు కిటికీ దగ్గరి పెద్ద బల్ల వైపు చూపించారు. "అక్కడ చేతుల కుర్చీలో ఇరవై ఏళ్ళు కూర్చున్నానండీ. అందరూ గౌరవంగానే ఉండేవారు. పొద్దస్తమానం మీ వీపు కనిపించేది, అంతే. అరవై నిండగానే ఆ కుర్చీ నేనే కిందికి ఎందుకు మోశాననుకున్నారు? రూలని అనుకున్నారా? రూలూ లేదు, పాడూ లేదు. మళ్ళీ మీ పక్కన కూర్చోవచ్చని మోశాను. చిన్న కుర్చీలో కూర్చుంటే నడుము ఒప్పుకోవట్లేదు. పెద్ద కుర్చీలో కూర్చుంటే ఇదిగో, ఇంత దూరం. మళ్ళీ ఆ కిటికీ దగ్గరికి పోయినట్టే ఉంది. ఈ వయసులో అది నా వల్ల కాదు."

సుమియేకి కళ్ళు నిండిపోయాయి. దాన్ని దాచుకోవడానికి గట్టిగా అరిచింది. "ఇంత మాట కడుపులో పెట్టుకుని ఇన్నాళ్ళూ కూర్చున్నారా? నోట్లో నాలుక లేదా మీకు?"

"చెబితే మీరేం చేసేవారు?"

"తిట్టేదాన్ని!"

"అందుకే చెప్పలేదు" అన్నారాయన.

ఆ రాత్రి ఆమెకి సంతోషమో దుఃఖమో తెలియక నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆఫీసుకొచ్చి ఒకుయామాకి ఫోన్ చేసింది. తొగావా గారు పక్కనే తన పాత చిన్న కుర్చీలో కూర్చుని, నడుము పట్టుకుని కవర్లు విప్పుతున్నారు.

"మూడో కుర్చీనే ఖాయం చేశామమ్మా. అందరికీ రెండు చేతులతోనే. రెండిటికి మాత్రం ఒక్కో చెయ్యి తీసేసి పంపాలి. ఒకదానికి ఎడమవైపుది."

"ఎడమవైపు ఒక్కటేనా అండీ?" అంది ఒకుయామా. "ఎవరికైనా చేతికి దెబ్బ తగిలిందా?"

"దెబ్బా లేదు, ఏమీ లేదు. తీసేయడానికి వీలవుతుందా, లేదా?"

"అవుతుందండీ. రెండోదానికి కూడా ఎడమేనా?"

"కాదు, దానికి కుడి."

"అది ఎవరిదండీ? పేరు రాసి పంపిస్తాం."

"అది నాది" అంది సుమియే. పక్కన కవర్లు విప్పే చప్పుడు ఆగిపోయింది.

ఒకుయామా ఏదో చూసి, మళ్ళీ లైన్లోకొచ్చింది. "చెయ్యి తీసేస్తే బోల్టు రంధ్రాలు కనిపిస్తాయండీ, మూతలు ఫ్యాక్టరీలో చేయించాలి. మిగతావన్నీ వచ్చేవారమే దింపేస్తాం. ఈ రెండూ మాత్రం అక్టోబరుకి గానీ రావు. ఫర్వాలేదా?"

సుమియే రిసీవర్ని చేత్తో మూసి, "ఈ రెండూ అక్టోబరుకి గానీ రావట" అంది. సెప్టెంబరుతో ఆయన కాంట్రాక్టు అయిపోయాక వచ్చేదే కదా అక్టోబరు!

తొగావా గారు తలెత్తలేదు. చేతిలో గుండీని బుగ్గకి ఆనించుకుని, "అక్టోబరైనా ఫర్వాలేదని చెప్పండి. నేనుంటాను" అన్నారు.