తొలి మక్కకంకి

వాన వెలిసిన సాయంత్రం మాదాపూర్ రోడ్డు వారన బొగ్గుల మీద మక్కకంకులు, అదే మొక్కజొన్న పొత్తులు, కాలుతున్న వాసన వస్తే చాలు, ఎక్కడలేని నీరసం ఆవహిస్తుంది. వెంటనే యాదమ్మ మేడం గుర్తొస్తారు.

తొంభైల చివర్లో ఇక్కడ అద్దాల భవనాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. నేను గోదావరి జిల్లా నుంచి వచ్చి, విదేశీ పుస్తకాలను పిల్లల సీడీల కోసం కుదించి టైపు చేసే చిన్న కంపెనీలో చేరాను. మేడం మా పైఅధికారి, ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన మనిషి. పొద్దస్తమానం తెర చూసి కళ్లు మండే మాకు, ఏం టైపు చేస్తున్నామో పట్టేది కాదు. ఆవిడకు పట్టేది. అదే మా ప్రాణం మీదికి వచ్చేది.

ఒకరోజు ట్యునికా ప్రజల పాఠం వచ్చింది. వాళ్లు అమెరికాలో మిసిసిపీ నది వెంబడి బతికిన మూలవాసులు. వాళ్లలో పొలం పని మగవాళ్లదే, కుండలు చేయడం ఆడవాళ్ల పని. కొత్త మొక్కజొన్న చేతికొస్తే ముందు పెద్దల సమాధుల దగ్గర పెట్టి, తర్వాతే తినేవారు. చివర్లో ఒక పేరా: ఆ జనం ఇప్పటికీ లూసియానాలో ఉన్నారు, ఉద్యోగాలకు వెళ్తున్నారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు.

పాఠం నిడివి మించింది. ఆ చివరి పేరా తీసేయమన్నాడు మేనేజరు.

"ఉన్నోళ్లను లేనోళ్లను చేస్తమా సార్? నేనైతే తియ్య," అన్నారు మేడం.

"పంతం దేనికండీ? పిల్లలకు పాతకాలం సంగతులు చాలు."

మేడం వినలేదు. క్యారేజీ కూడా విప్పకుండా కూర్చుని, యుద్ధాల వివరాలు కోసి ఆ పేరాకు చోటు చేశారు. నాకు విసుగొచ్చింది. "ఎక్కడివాళ్లో ఏమో, మనకెందుకు మేడం?" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. సాయంత్రం నన్ను ఒక కొత్త భవనం ప్రహరీ దగ్గరికి తీసుకెళ్లి, సంచిలోంచి మక్కకంకి తీసి గోడ వారన పెట్టారు.

"గీడ మా మక్కచేను ఉండె. మా నాయినను గీ చేన్లనే బొందవెట్టినం. ఇప్పుడు లోపలికి రానిస్తలేరు. గీడ రాళ్లు తప్ప ఏం లేకుండె అంటరు అందరు. మరి నేనేంది? నేను లేనా?"

వాళ్ల నాన్న సమాధి ఆ గోడ అవతలే ఉందన్నమాట; కంకి దొర్లిపోకుండా నేను వంగి గోడకు ఆనించాను.

తయారైన సీడీ వచ్చింది. అందులో ఆ పేరా లేదు. పైన ఎవరో కోసేశారు. మేడం చదివి, కళ్లద్దాలు తీసి కాసేపు కళ్లు నులుముకున్నారు. "సరే తియ్, ఇంకో పాఠం ఇయ్యమ్మా," అన్నారు. ఆ గొంతులోని అలసటే ఇప్పటికీ కంకుల వాసనతో పాటు నన్ను ఆవహిస్తుంది.

ఆ తర్వాత కంపెనీ మూతపడింది, మేడం వాళ్లు బాచుపల్లికి మారిపోయారు. నేను మాత్రం ఏటా తొలి కంకి ఆ గోడ వారన పెట్టాకే తింటాను. మొన్న పెడుతుంటే, వెంట ఉన్న మా ఆఫీసు అమ్మాయి, "ఒకప్పుడు ఇక్కడ ఏమీ ఉండేది కాదటగా అండీ?" అంది.

"యాదమ్మ గారి మక్కచేను ఉండేది," అన్నాను. "ఆవిడ ఇప్పటికీ ఉన్నారు."