ఇంబ్రో కూత

ఇంబ్రో గొంతు గురించి సావా నది ఒడ్డున చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలు. ఆ సగమూ ఇంబ్రో చెప్పినవే. తను కరకట్ట మీద నిలబడి "గూచ్... గూచ్..." అని ఒక్క కూత వేస్తే తన పందులే కాదు, అవతలి ఊరి పాదిరి కూడా పూజ మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చాడని ఒట్టేసి చెప్పేవాడు.

పందుల మాట మాత్రం నిజం. ఒంటి నిండా నల్ల మచ్చలు, వేలాడే చెవులు. ఆ జాతివి చుట్టుపక్కల ఊళ్లన్నీ గాలించినా పిడికెడు. అందులో ఏడు ఆడపందులు ఇంబ్రోవే. పగలంతా ఓక్ అడవిలో రాలిన కాయలు మేసి, వరద నీళ్లలో బాతుల్లా ఈది, పొద్దువాలేసరికి కూత విని దొడ్డికి చేరేవి.

వాటిని నడిపించేది ఏడింటిలోకీ ముసలిదైన షారా. కూత వినగానే అది ఆగి, మూతి ఎత్తి గాలి పీల్చేది. గొంతు వచ్చిన వైపు కాకుండా, వరద ఎక్కని పాత మిట్ట మీదుగా చుట్టూ తిరిగి, మిగతా ఆరింటినీ వెంటేసుకుని తీరిగ్గా వచ్చేది.

"నీ పందికి చెవుడు బావా," అనేవాడు పక్కింటి లాత్స్కో.

"చెవుడు కాదురా, దొరసానితనం! దాని వీపు మీద కొవ్వు ఐదు వేళ్ల మందం. అంత మోసుకుని నువ్వైతే పరిగెత్తుతావా?"

ఆ ఐదు వేళ్లే కొంప ముంచాయి. నవంబరులో పందిని కోసిన ప్రతి ఇంటి ముంగిట్లోనూ ముందు కొవ్వు మీద వేళ్లు పెట్టి కొలుస్తారు. ఆ ఏడాది లాత్స్కో దొడ్లో మేపిన తెల్లపందికి నాలుగు వేళ్లు వచ్చింది.

"నాలుగు! నీ ఐదు ఎప్పుడు చూపిస్తావ్ బావా? స్వర్గానికెళ్లాకా?"

ముంగిలంతా గొల్లున నవ్వింది.

ఇంబ్రో ఇంటికెళ్లి కత్తి నూరడం మొదలుపెట్టాడు. భార్య బారా అడ్డం నిలబడింది. "విత్తులు కొట్టిన మగది దొడ్లో లేదూ? దాన్ని కొయ్యి. షారా జోలికి పోకు. ఆ ఆరింటికీ అదే పెద్దదిక్కు."

"నేనుండగా వాటికి పంది పెద్దదిక్కా?"

షారాని కోసి కొలిస్తే రెండు వేళ్లు దాటలేదు. అన్ని ఈతలు ఈనిన ఒంట్లో కొవ్వెక్కడ నిలుస్తుంది? లాత్స్కో నవ్వలేదు. గ్లాసులో సారా పోసి చేతికిచ్చాడు. ఇంబ్రోకి అది మరీ మండింది.

మార్చిలో సావా పొంగింది. ఒక సాయంత్రం ఆరు పందులూ పాత మిట్ట మీద చేరి నిలబడ్డాయి. మిట్టకూ కరకట్టకూ మధ్య ఎర్రనీళ్లు సుడులు తిరుగుతున్నాయి.

"పిలవకయ్యా," అంది బారా. "అక్కడే ఉండనీ. లాత్స్కో పడవ తెస్తున్నాడు."

"పడవెందుకే, నా గొంతు పడిపోయిందా?"

కూత వేశాడు. పుట్టాక అంత గొప్ప కూత వేసి ఎరగడు. ఆరూ ఒక్కసారే నీళ్లలోకి దూకి, సూటిగా అతని గొంతు వైపే ఈదాయి. వడి లేని వైపు నుంచి చుట్టూ తిప్పి తీసుకురావడానికి షారా లేదు. నడినీళ్లలో వడి వాటిని పట్టేసింది. ఏం చెయ్యాలో తోచక ఇంబ్రో ఇంకా గట్టిగా కూశాడు. కొట్టుకుపోతున్నవి కూత విన్నప్పుడల్లా తలలు తిప్పి వడికి ఎదురీదాయి. మచ్చల వీపులు ఒక్కొక్కటే మునిగిపోయాయి.

బారా చేత్తో అతని నోరు మూసేసింది.

కూత ఆగాక, మిగిలిన ఒక్కటి నీటివాలుకు ఒళ్లు వదిలేసింది. రెండు రోజుల తర్వాత అది కింది ఊరి దగ్గర చెట్లలో ప్రాణాలతో దొరికింది.

ఇప్పుడు దానికి పిల్లలున్నాయి. సారా కొట్టులో ఎవరైనా, "ఏదీ మావా, ఆ పాదిరిని ఒకసారి పిలువు!" అంటే, ఇంబ్రో మెడకు కట్టుకున్న గుడ్డ సర్దుకుని, "జలుబురా," అంటాడు. నాలుగేళ్లుగా అదే జలుబు. అది అబద్ధమని లాత్స్కోకి తెలుసు, కానీ అనడు.

పొద్దువాలే వేళకు ఇంబ్రో మొక్కజొన్నల బకెట్ పట్టుకుని తనే అడవికి పోతాడు. పంది అతన్ని చూసి, మూతి ఎత్తి గాలి పీల్చి, పాత మిట్ట వైపు తిరుగుతుంది. దాని వెనక పిల్లలు, వాటి వెనక ఇంబ్రో, నోరెత్తకుండా.