లెవెల్ పైపు రెండో కొస

చౌడక్క ఇరవై ఆరేళ్లుగా సిమెంటు మాలు మోస్తోంది. నెత్తి మీద గుడ్డ చుట్ట, దాని మీద ఇనుప తట్ట, తట్ట నిండా తడి మాలు. సోమందేపల్లి చుట్టుపక్కల ఆమె మోసిన మాలుతో లేచిన గోడలన్నీ ఒకచోట చేరిస్తే చిన్న ఊరే అవుతుంది. అయినా ఫలానా ఇల్లు చౌడక్క కట్టిందని ఎవరూ అనరు. అనాలని ఆమె కూడా ఎన్నడూ కోరుకోలేదు. ఎర్రిస్వామి కట్టాడు అంటే చాలు, ఆమెకు కడుపు నిండిపోయేది.

ఎర్రిస్వామి ఆమె మొగుడు. వరసకు మేనమామే కాబట్టి పెళ్లయ్యాక కూడా మామా అనే పిలిచేది. బేల్దారి పనికి, అంటే ఇళ్లు కట్టే తాపీ పనికి, అందులోనూ బాత్రూములకు టైల్స్ పరచడానికి అతను పెట్టింది పేరు. నేల పరిచి గోలీ ఒకటి వదిలేవాడు. అది ఎక్కడ వదిలినా సరే, నేరుగా తూము దగ్గరికే దొర్లుకుంటూ పోయేది. ఇంటివాళ్లు నోరు తెరుచుకుని చూస్తుంటే మీసాల చాటున నవ్వుకునేవాడు. కాస్త గర్వం ఉండేది మనిషికి, లేదని చెప్పను. కానీ ఆ గర్వం తప్ప అతని దగ్గర ఇంకేమీ లేదు. షుగరు ముదిరి కిడ్నీలు పాడై, పద్దెనిమిది నెలల కిందట పోయాడు. చౌడక్కకు రేకుల ఇల్లు, ఒక తాపీ, ఒక లెవెల్ పైపు, మంచి పేరు మిగిల్చి పోయాడు. వీటిలో చౌడక్క ఆస్తి అనుకున్నది ఆ చివరిదాన్నే.

అతను పోయాక పెనుకొండ నరేష్ మేస్త్రీ ఆమెను పనిలోకి పిలిచాడు. ఎర్రిస్వామి పెండ్లాం అంటే పని తెలిసిన మనిషి అని అతని నమ్మకం. పొద్దున్నే బస్సెక్కి పెనుకొండలో దిగితే, అక్కడి నుంచి నరేష్ ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి.

ఈసారి పని ధర్మవరంలో పడింది. ఎవరో మగ్గాలాయన ఇల్లు, బాత్రూము పగలగొట్టి మళ్లీ కట్టాలి, ముందు చేసినవాడు పాడుచేసి పోయాడు అని నరేష్ దారిలో చెప్పాడు. చౌడక్క ఊకొట్టింది. ధర్మవరంలో మగ్గాల ఇళ్లు ఎన్ని లేవు! ఆటో ఆ వీధిలోకి తిరిగేదాకా ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. రెండు పక్కలా మగ్గాల చప్పుడు టకటకా వినబడుతోంది. చప్పుడు లేని ఇంటి ముందు ఆటో ఆగింది. పసుపు రంగు గేటు, గేటు మీద ఇనుప తామరపువ్వు. చూడగానే ఆమె ఆ ఇంటిని గుర్తుపట్టింది.

నాలుగేళ్ల కిందట ఆ ఇల్లు కడుతున్నప్పుడు బాత్రూము పని గుత్తకు తీసుకున్నది ఎర్రిస్వామే. ఆరు రోజులు ఇద్దరూ చేశారు. ఇంటాయన ఈశ్వరప్ప ఆరు రోజులూ అక్కడే నిలబడి చూశాడు. ఇప్పుడు గేటు తీసింది కూడా ఆయనే. నరేష్‌ను పలకరించాడు, వెనకాల తట్ట పట్టుకుని నిలబడ్డ చౌడక్కను ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. గుర్తుపట్టలేదు. తట్ట మోసే ఆడమనిషి మొహం ఎవరికి గుర్తుంటుంది గనుక!

ఈశ్వరప్ప బాత్రూములో చెంబుడు నీళ్లు గుమ్మరించాడు. నీళ్లు తూము వైపు పోకుండా, దానికి ఎదురుగా ఉన్న గోడ మూలకు పారి అక్కడే నిలబడిపోయాయి.

"సూడప్పా. నాలుగేండ్లుగా ఇదే తంతు. ఆ గోడ అవతల ఏముండాదో తెలుసునా? దా, సూపిస్తా."

గోడ అవతల మగ్గం గది. గోడ ఛాతీ ఎత్తు దాకా చెమ్మగిల్లి పెచ్చులు ఊడుతోంది. మగ్గం గుంతలో, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే చోట, బెత్తెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. మగ్గం మీద పడుగు లేదు. కొయ్యలు బూజు పట్టాయి, పైన డిజైను అట్టలు చెమ్మకు ఉబ్బిపోయాయి.

"కడాసారిగా నేసిన చీర పెండ్లోళ్లది" అంది ఈశ్వరప్ప భార్య కుళ్ళాయమ్మ. "చెమ్మకు జరీ నల్లబడిపోయింది. మా మొగాన కొట్టి పోయినారు. ఆర్నెల్లుగా మగ్గం కట్టిపెట్టినాం. సొంత మగ్గం ఇంట్లో పెట్టుకోని ఇద్దరమూ ఊరోళ్ల మగ్గాల మీద కూలికి నేస్తాండాం. ఈ పని చేసినోని చేతులు పడిపోను!"

చౌడక్క తల వంచుకుని గుంతలో నీళ్ల వంక చూస్తూ నిలబడింది. ఆ చేతులు ఎప్పుడో కాలిపోయాయని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"ఎవురప్పా ఆ మేస్త్రీ?" అన్నాడు నరేష్.

"పేరు మర్సిపోయినా. సోమందేపల్లి పక్కోడు." ఈశ్వరప్ప ఫోను తీసి వెతికాడు. "ఇదో, టైల్స్ మేస్త్రీ అని పెట్టుకోనుండా. మొదట్లో ఎట్లో సర్దుకున్యాం. మగ్గం నిల్సిపోయినాక ఎన్నిసార్లు చేసినానో. స్విచ్చాఫ్. దుడ్లు తిని నంబరు మార్చేసినాడు దొంగ నాకొడుకు."

ఆ నంబరున్న ఫోను సోమందేపల్లిలో చౌడక్క పెట్టెలో, ఎర్రిస్వామి లుంగీ మడతల మధ్య ఉంది. దాన్ని ఆన్ చేసే ధైర్యం ఆమెకు ఇంతవరకూ రాలేదు.

పని మొదలైంది. నరేష్ ఉలి పెట్టి టైల్స్ లేపుతుంటే, చౌడక్క ఆ ముక్కలు తట్టకెత్తి బయట పోసింది. మొగుడు ఒక్కొక్కటిగా తడిమి పరిచిన టైల్స్ అవి. అతను పోయిన రోజు కూడా ఆమెకు ఇంత ఒంటరిగా అనిపించలేదు. మధ్యాహ్నం దాటాక నరేష్ నేల మీద ఒక గోడ నుంచి ఇంకో గోడకు దారం లాగి కొలిచి, నవ్వాడు.

"టైల్స్ అతికించింది మాత్రం బంగారం మాదిరి ఉండాదన్నా. వాటమే తిరగబడింది. ఇంత పని తెలిసినోడు నీళ్లు యాడికి పోతాయో సూసుకోలేదంటే, గుడ్డోడన్నా అయ్యుండల్ల, దొంగన్నా అయ్యుండల్ల."

"గుడ్డోడు పనికెట్ల వస్తాడప్పా?" అన్నాడు ఈశ్వరప్ప. "దొంగే!"

చౌడక్క చేతిలో తట్ట జారి పాదం మీద పడింది. చూసుకోవే అక్కా అన్నాడు నరేష్.

సంగతి చౌడక్కకు ఒక్కదానికే తెలుసు. ఈ ఇంట్లో ఆ టైల్స్ పరచడానికి ఏడాది ముందు, టైల్స్ గళ్లు అలుక్కుపోయినట్టు కనబడుతున్నాయని ఎర్రిస్వామి అంటే, ఇద్దరూ హిందూపురం పోయి కళ్ల డాక్టరుకు చూపించుకున్నారు. షుగరు వల్ల కంటి వెనక నరాలు చిట్లాయని, ఒక కన్ను పోయినట్టేనని, రెండోది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని ఆయన అన్నాడు. తిరుగు బస్సు సోమందేపల్లి చేరింది. దిగేముందు ఎర్రిస్వామి చెయ్యి చాపాడు.

"చేతిలో చెయ్యి ఎయ్ మే. నేను సచ్చినా ఈ మాట ఎవురితోనూ అనకూడదు. కండ్లు లేని బేల్దారి అని నన్ను సూసి అయ్యో అంటే నేను ఓర్సుకోలేను."

ఆమె వేసింది. ఆ రోజు నుంచి అతని కళ్లు ఆమే అయింది. నేలకు వాటం, అంటే నీళ్లు తూము వైపు పారే వాలు పెట్టాలంటే, ముందు లెవెల్ పైపు పట్టాలి. నీళ్లు నింపిన సన్నటి పైపు, ఒక కొస మేస్త్రీ చేతిలో, రెండో కొస ఇంకొకరి చేతిలో. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి, అక్కడ గోడ మీద గీత గీస్తారు. పైపు మధ్యలో ఎక్కడైనా గాలిబుడగ ఉందంటే లెక్క తప్పుతుంది. తెల్లనీళ్ల గీత అతనికి కనబడటం లేదని చౌడక్కే ఉపాయం ఆలోచించి, బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు పైపు నీళ్లలో కలిపింది. చూసినవాళ్లు అదేదో ఎర్రిస్వామి స్టయిలు అనుకున్నారు. నీలం నీళ్ల మేస్త్రీ అని కూడా పిలిచారు. అతను ఆ పేరుకు మురిసిపోయాడు. ఆమె లోపల్లోపల ఏడ్చింది.

ఈ ఇంట్లో ఐదో రోజు జరిగిందేమిటంటే, ముందురోజు గోడకు ఒక టైలు వంకరగా అంటిందని ఈశ్వరప్ప నలుగురిలో అరిచాడు. ఏం మేస్త్రీ, కండ్లు అగపడవా అన్నాడు. మామూలుగా అనే మాటే. కానీ ఎర్రిస్వామి మొహం మాడిపోయింది, ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు ఈశ్వరప్ప చేతులు కట్టుకుని పక్కనే నిలబడి ఉండగా, ఎర్రిస్వామి పైపు ఒక కొస పట్టుకుని రెండో కొస ఆమెకిచ్చాడు. ఆమె పాదం దగ్గర, పైపు వంపులో, కందిగింజంత బుడగ.

"సరిగ్గా ఉండాదా మే?"

బుడగ ఉందంటే అతను వంగి దాన్ని వెతకాలి. వెతికితే చేతులు తడుములాడతాయి. నిన్న కళ్ల మాట అన్న మనిషి కళ్లెదుటే.

"సరిగ్గా ఉండాది మామా" అంది.

టీ తాగేటప్పుడు పక్కకు పిలిచి చెబుదామనుకుంది. టీ వేళకు సగం నేల పరిచేసి, ఎన్నాళ్ల తర్వాతో కూనిరాగం తీస్తున్నాడు. ఆ రాగం ఆపడానికి ఆమెకు మనసొప్పలేదు. వెంట్రుక వాసి తేడా ఏం చేస్తుందిలే అనుకుంది. ఎల్లుండే గృహప్రవేశం, గోలీ వదిలి, నీళ్లు పోసి చూసే వ్యవధి కూడా లేకపోయింది.

ఇప్పటి పనిలో రెండో రోజు నరేష్ మగ్గం వైపు గోడకున్న కింది వరస టైల్స్ లేపాడు. వెనక పాత సిమెంటు మీద పెన్సిలు గీత, గీత పక్కన కారి ఎండిపోయిన నీలం మరకలు. నరేష్ ఉలి ఆగిపోయింది. ఈ చుట్టుపక్కల నీలం నీళ్లతో లెవెల్ చూసిన బేల్దారి ఒక్కడే. నరేష్ మెల్లగా తలెత్తి చౌడక్క వంక చూశాడు.

"ఏందప్పా ఆ నీలం?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఈశ్వరప్ప. "ఎవుడో తెలిసిందా ఆ దొంగ?"

నరేష్ నోరు మెదపలేదు. తను కూడా మెదపకుండా ఉంటే ఇదీ ఇంతటితో పోతుందని చౌడక్కకు తెలుసు. కూలి పని దక్కుతుంది. కానీ ఈ ఇంట్లో, ఈ వీధిలో అతను దొంగగానే మిగిలిపోతాడు. దొంగ కాదని చెప్పాలంటే గుడ్డివాడని చెప్పాలి. చేతిలో చెయ్యేసిన మాట అది. ఆమె తట్ట కింద పెట్టింది.

"దొంగ కాదన్నా. ఆయన మా ఇంటాయన, ఎర్రిస్వామి. పోయి పద్దెనిమిది నెలలాయ. ఫోను ఆపేసి నా పెట్టెలో పెట్టినా, అందుకే స్విచ్చాఫ్." ఆ నీలం మరకల వైపు చెయ్యి చూపింది. "ఆ పొద్దు పైపు రెండో కొస పట్టుకున్యది నేను. బుడగ నాకు అగపడింది. అగపడినా సరిగ్గా ఉండాదని చెప్పినా. నా మాట నమ్మి ఆయన గీత గీసినాడు. ఆయన పనిలో తప్పు లేదు."

లోపలి నుంచి కుళ్ళాయమ్మ వచ్చి చౌడక్క చేతుల వంక చూసింది.

"తెలిసి ఎందుకు చెప్పినావు?" అన్నాడు ఈశ్వరప్ప.

నిజం చెప్పాల్సి వస్తే ఆ ఒక్క ప్రశ్న రాకూడదనే ఆమె రాత్రంతా దేవుడికి మొక్కుకుంది. నరేష్ కూడా ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"బద్దకమన్నా. మళ్లా పైపు దులిపి, మళ్లా పట్టుకోవల్ల గదా అని. బిరీన ఇంటికి పోవల్లని."

"థూ!" అంది కుళ్ళాయమ్మ. "నీ బద్దకానికి మా కడుపు కొట్టినావు గదే! నీదీ ఒక బతుకేనా?"

చౌడక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఈశ్వరప్ప చాలాసేపు ఆ నీలం మరకలను చూశాడు.

"పాపం, ఆయప్పను ఎన్ని మాటలనింటిమి! పెండ్లాన్ని నమ్మి చెడిపోయినాడు" అన్నాడు. తర్వాత నరేష్ వైపు తిరిగాడు. "రేపట్నుంచి ఈమె నా గడప తొక్కకూడదు."

పాపం ఆయప్ప. ఆమె కోరుకున్న మాట అదే. దొరికింది. కానీ సంతోషమేమీ కలగలేదు. చేతులు కడుక్కుని, సద్దిగిన్నె సంచీలో పెట్టుకుంది.

కొత్త వాటం పెట్టాలంటే నరేష్‌కు పైపు పట్టే మనిషి కావాలి. నేను పడతాలే అని ఈశ్వరప్పే రెండో కొస పట్టుకున్నాడు. నరేష్ పైపులో ఉన్నవి తెల్లనీళ్లు.

"సరిగ్గా ఉండాదా అన్నా?"

"ఉండాది, ఉండాది. గీసుకో."

గుమ్మం దాటబోతున్న చౌడక్క ఒక్కసారి వెనక్కి చూసింది. ఇరవై ఆరేళ్ల అలవాటు, చూపు పైపు మీదే పడింది.

"లేదు" అంది. "బుడగ ఉండాది."

"యాడ?" అన్నాడు ఈశ్వరప్ప. కళ్లు చికిలించి వెతికాడు. కనబడలేదు.

ఆమె వెనక్కి వచ్చి, వంగి, వేలితో చూపించింది. నరేష్ పైపు దులిపాడు. బుడగ పైకి పోయింది, ఈశ్వరప్ప చేతిలోని నీళ్ల గీత అర అంగుళం జరిగింది. నరేష్ ఆమె వంక చూడకుండా పెన్సిలు తీసి గీత గీశాడు.

పెనుకొండ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అందులో కూర్చున్నాకే ఆమెకు ఏడుపు వచ్చింది. బుడగ ఉండాది అనే ఆ మాట అనడం ఇంత సులువని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.